పరదేశమున నొంటరి నడక

ఈ సంచికకు ప్రతి సంవత్సరము మేము చరిత్ర విషయమునో ప్రకృతిశాస్త్ర విషయమునో యొకదానిని వ్రాయుట వాడుక. ఈ యేడు దానిని విడిచి దారిదోపిడులను గూర్చి వ్రాయుచున్నాము. ఇది పాఠశాల పత్రికకు తగిన విషయము కాదని మా సహోపాధ్యాయులు కొందఱనిరి. కాని గడచిన వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా పూర్వవిద్యార్థి తండ్రి యొకరు మా యింటికి వచ్చిరి. ఆయన పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణమున పనిచేయువారు. కుమారుడు అమెరికాలోని చికాగో నగరమున పై చదువు చదువుచున్నాడు. ఒకనాటి రాత్రి ఆ బాలుడు పనినుండి బసకు నడచి పోవుచుండగా ఇద్దఱు దుండగులు అడ్డగించి సెల్ ఫోనును, వీపు సంచిని లాగుకొనిరట. దెబ్బలు తగులలేదు. అయినను నాలుగు నెలలవఱకు ఆ సంగతి నతడు ఇంటివారికి చెప్పలేదు. తండ్రి మా యెదుట కూర్చుండి, “మాస్టర్ సాబ్, వాడు ఒక్కడే ఎందుకు నడిచిండు?” అని మాటిమాటికి అదియే యడిగెను.

ఆయనకు మేమప్పుడు టీ యిచ్చితిమి గాని సరియైన జవాబు నీయలేకపోతిమి. ఈ వ్యాసము ఆ జవాబును వెదకుటకై వ్రాసినది. ఈ యేడాదియో, మఱు యేడాదియో సముద్రములు దాటిపోవు విద్యార్థులు మా తరగతులలో ఎందఱో కలరు. వారు చదువుదురుగాక యని మా కోరిక.

పరదేశిగా నడచుట యెట్లో తెలిసికొనుటకు మన పాతబస్తీకంటె మంచి బడి వేఱొకటి లేదు. ఇది నాలుగువందల యేండ్లకు పైబడి పరదేశులను చూచుచున్న యూరు. మూసీనదిపై పురానాపూల్ వంతెన 1578లోను, చార్మినారు 1591లోను కట్టబడినవి. నాటినుండి పారశీకులు, అరబ్బులు, ఆర్మీనియనులు, హబ్షీలు, ఐరోపావారు ఈ వీథులలో నడచిరి. బార్కసు పేటలోని కుటుంబములనేకము యెమెను దేశపు హద్రమౌతు ప్రాంతమునుండి నిజాము సైన్యమునందు కొలువునకు వచ్చిన యరబ్బుల సంతతి. తెలుగువారిలో సగముమందికి సైతము ఈ నగరము ఒకప్పుడు పరదేశమే. 1948 వఱకు నిజాము రాష్ట్రమునకు సొంత నాణెము, సొంత తపాలాబిళ్ల, సొంత రైలుమార్గము ఉండెను. బెజవాడనుండి వచ్చినవాడు తన రూపాయలను హాలీ సిక్కాలుగా మార్చుకొనవలసియుండెను. క్రొత్తవాని తొలినష్టము ఆ మార్పిడి బల్లయొద్దనే జరుగుచుండెనేమో!

పూర్వులు దారిలో దోపిడినుండి ఎట్లు తప్పించుకొనిరి? గుంపుగా నడచిరి. 17వ శతాబ్దమున గోలకొండ వజ్రములకై ఒకటికంటె ఎక్కువ పర్యాయములు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, ఈ దేశమున గౌరవముగా ప్రయాణము చేయువారు 20, 30 మంది ఆయుధపాణులను కూలికి కుదుర్చుకొందురని వ్రాసినాడు. 1830లో చెన్నపట్టణపు సుప్రీముకోర్టునందు ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు బయలుదేఱి మన నగరము మీదుగా పోయెను. ఆయన వెంట బంధువులు, బోయీలు, పరివారము కలిసి పెద్ద గుంపు నడచెను. ఆయన రచించిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. నగరమందలి జనులు ఆయుధములు ధరించి తిరుగుట ఆయన కంటబడకపోలేదు.

ఇంత సిబ్బంది మన విద్యార్థికి ఎక్కడిది? అద్దెకు చాలని డబ్బుతో, రెండు సూట్ కేసులతో, బ్యాంకు అప్పుతో పోవువాడు బోయీలను పెట్టుకొనలేడు. కావున గుంపు లేని బాటసారి సంగతి విచారింపవలెను. ఒంటరివాడు గుంపు కావలెనని తహతహలాడును. దొంగకు పట్టు దొరకునది ఆ తహతహయందే.

తావెర్నియే సమకాలికుడు, ఫ్రెంచి దేశస్థుడే యైన తెవెనో 1666, 1667 సంవత్సరములలో మన దేశమున సంచరించి గోలకొండను చూచెను. ఢిల్లీనుండి ఆగ్రాకు పోవు దారిని గూర్చి అతడు వ్రాసిన సంగతి యొకటి కలదు. అచ్చటి దొంగలు మెడకు ఉచ్చు విసరి చంపుదురట. వారే మఱియొక యుపాయము పన్నుదురట. అందమైన స్త్రీ యొకతె జుట్టు విరియబోసికొని యేడ్చుచు దారిలో కనబడును. బాటసారి జాలిపడి పలుకరించును, తన గుఱ్ఱముపై వెనుక నెక్కించుకొనును. కొంతదూరము పోయినపిమ్మట ఆమెయే అతని మెడకు ఉచ్చు బిగించును.

తరువాతి కాలపు ఠగ్గుల కథ యందఱును వినినదే. ‘ఠగ్’ అను హిందీ మాటకు మోసగాడని యర్థమేగాని హంతకుడని కాదు. నిజాము కొలువునందు 1824 మొదలుకొని పనిచేసిన మెడోస్ టెయిలరు అను ఆంగ్లేయుడు ఈ విషయముపై 1839లో నవల వ్రాసి ప్రసిద్ధుడయ్యెను. ఠగ్గుల నణచుటకు 1836లో ప్రత్యేక శాసనము పుట్టెను. ఆనాటి యధికారులు ఠగ్గులను గూర్చి వ్రాసినదంతయు యథార్థముగా గ్రహింపరాదని నేటి చరిత్రకారులు పలువురనుచున్నారు, అది న్యాయమే. కాని ఆ వృత్తాంతములన్నిటను కనబడు పద్ధతి మాత్రము ఒక్కటే. బాటసారి దొంగల భయముచేత తోడు కోరును. దారిలో నెమ్మదిగల వర్తకులవలె కనబడువారు కొందఱు, “మాకును భయమే, కలిసి పోవుదము” అందురు. రెండు మూడు మజిలీలు కలిసి వండుకొని తిందురు. ఆ తరువాత రుమాలు మెడపై పడును.

ఇచ్చట గమనింపదగిన దేమనగా, బాటసారిని చంపినది అజాగ్రత్త కాదు. జాగ్రత్తయే చంపినది. దొంగలున్నారని యెఱిగి, వారినుండి కాపాడుకొనవలెనని తలచుటచేతనే అతడు వారి చేతులలో పడెను.

మా సొంత యనుభవమును చెప్పుకొనక తప్పదు. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని మేము కృష్ణాజిల్లానుండి ఈ నగరమునకు వచ్చిన క్రొత్తలలో, మాకు ఉర్దూ ఒక్క ముక్కయు రాదు. గది యద్దె బయానాకై నాయనగారిచ్చిన రెండువేల రూపాయలు పంట్లాము జేబులో నుండెను. అఫ్జల్‌గంజినుండి చార్మినారునకు పోవు నగర బస్సులో కాలు మోపుటకు చోటు లేదు. మా ప్రక్కన తెల్లచొక్కా తొడిగిన పెద్దమనిషి యొకరు చక్కని తెలుగులో, “బాబూ, ఊరికి కొత్తలా ఉన్నావు. ఈ బస్సులో జేబుదొంగలుంటారు, జాగ్రత్త” అని హెచ్చరించిరి. ఆ పరాయి భాషల నడుమ తెలుగుమాట వినబడినందుకు మాకు కన్నులు చెమ్మగిల్లెను. వెంటనే చేయి కుడిజేబుపై వైచి డబ్బున్నదని తడవి చూచుకొంటిమి. నయాపూల్ దాటి మదీనా కూడలియొద్ద జనము దిగు ఒత్తిడి తగ్గునప్పటికి ఆ పెద్దమనిషి లేడు. కుడిజేబు అడుగున బ్లేడుగాటు మాత్రమున్నది. ఎడమజేబు జోలికి ఎవరును పోలేదు. డబ్బు ఎచ్చటనున్నదో వారికి చూపినవారము మేమే గదా!

ఆ రాత్రి బయానా లేక, ఎఱిగినవారి వరండాలో పండుకొంటిమి. ఇంటికి ఉత్తరము వ్రాసితిమి గాని అందులో ఈ మాట లేదు. చికాగోలోని బాలుడు నాలుగునెలలు ఎందుకు దాచెనో మేము వేఱొకరిని అడుగనక్కఱలేదు.

పరదేశియైన ఒంటరివానికి మేము చెప్పు మాట ఇది. తానుగా వచ్చి నిన్ను పలుకరించువానిని నమ్ముటకంటె, నీవే పోయి పలుకరించినవానిని నమ్ముట మేలు. తోడును నీవు ఎన్నుకొనుము, తోడు నిన్ను ఎన్నుకొననీయకుము. వీథిలో నూఱుమంది యున్నచో దొంగ ఒకడో ఇద్దఱో యుందురు. నీవు కన్ను మూసి ఒకనిని ఎంచుకొన్నను అతడు మంచివాడగుటయే నిక్కము. కాని ఆ నూఱుమందిలోనుండి నిన్ను వెదకికొని వచ్చువాడు ఎవడు? పనిగలవాడెవడును రాడు. దుకాణదారుడు బేరమునందుండును, బాటసారి తన దారిని పోవుచుండును.

దీనికి ఒక నిదర్శనము. 2019 డిసెంబరులో మా పాఠశాలను చూచుటకు ఐరోపానుండి ఒక ఉపాధ్యాయురాలు వచ్చిరి. వయస్సు అఱువది దాటినది. వలదన్నను వినక, ఒకనాటి మధ్యాహ్నము చౌమహల్లా ప్రాసాదము చూచి, ఒంటరిగా నడచి లాడ్‌బజారునకు బయలుదేఱిరి. సందు మలుపులో మోటారు సైకిలుపై ఇద్దఱు ఆమె ప్రక్క నిలిచి, తాము పోలీసులమని చెప్పి కార్డులు త్రిప్పి చూపిరి. విదేశీయుల యొద్ద మాదకద్రవ్యములను వెదకుచున్నామనియు, సంచిని, పాస్‌పోర్టును చూపవలెననియు ఆంగ్లమున నడిగిరి. ఆమె కాదనలేదు, ఔననలేదు. చిఱునవ్వు నవ్వి, ఎదురుగా దీపములతో వెలుగుచున్న లక్కగాజుల దుకాణము మెట్లెక్కి, లోపలి ముక్కాలిపీటపై కూర్చుండి, సంచిని ఒడిలో పెట్టుకొని, “ఇచ్చటికి రండి, ఇచ్చట చూపెదను” అనిరి. దుకాణపు ముసలివారు సంగతి గ్రహించి, “పోలీసు ఠాణా దగ్గఱనే యున్నది, నేనును తోడు వత్తును, పదండి” అని ఉర్దూలో పలికిరి. మోటారు సైకిలు మఱల ఆ సందులో కనబడలేదు. ముసలివారు ఆమెకు ఇరానీ చాయి తెప్పించిరి. ఆమె మూడు డజనుల గాజులు కొనిరి. అందు ఒక డజను ఇప్పటికిని మా పాఠశాల కార్యాలయపు గాజు బీరువాలో నున్నది.

నిజమైన పోలీసు మఫ్టీలో నుండవచ్చును, ప్రశ్నించను వచ్చును. కాని “ఠాణాకు పోవుదము” అన్న మాటకు ఆతడు వెఱవడు. దొంగపోలీసు ఆ మాటకే వెఱచును. మన యూరి వృద్ధస్త్రీలకు సైతము ఇట్టివారు తఱచు తారసిల్లుచున్నారు. “అమ్మా, ముందు వీథిలో దొంగతనము జరిగినది, నగలు తీసి కాగితమున చుట్టి సంచిలో పెట్టుకొనుము, మేము చుట్టి యిత్తుము” అందురు. ఇంటికి పోయి విప్పినచో పొట్లములో రాళ్లుండును. ఇన్నూఱేండ్లనాటి ఠగ్గు మాటకును దీనికిని భేదమేమి?

మేము చెప్పిన సూత్రమునకు అపవాదము లేదా యని తరగతిలో ఒక బాలిక మమ్ము అడిగినది. కలదు. యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవుచు ఒంటరిగా దొంగలచేత చిక్కినవాని కథ మన పాఠశాలలో అన్ని మతముల పిల్లలకును తెలిసినదే. ఆ సమరయుడు తానుగా వచ్చినవాడే. ఐనను అతడు పూటకూళ్లవానికి రెండు దేనారములు తన సంచినుండి తీసియిచ్చెను గాని, గాయపడినవాని సంచి ఎచ్చటనున్నదని అడుగలేదు. తానుగా వచ్చినవారిలో మంచివారిని గుర్తించుటకు ఇంతకంటె తేలికయైన గుఱుతు మాకు తెలియదు.

ఇక నడకను గూర్చి. చార్మినారు చుట్టును, గుల్జార్‌హౌజు మొదలు మదీనా వఱకును పగటివేళ నడచు పరదేశికి బలాత్కారపు దోపిడి జరుగుట మిక్కిలి యరుదు. అచ్చటి ముప్పు చేతివాటముగలవారిది. రంజాను మాసపు రాత్రులలో తెల్లవాఱువఱకు బజారు తెఱచియుండును. జనము భుజము భుజము రాచుకొని నడతురు. అప్పుడు వీపు సంచిని ముందునకు త్రిప్పుకొనవలెను. ఫోనును వెనుకజేబులో పెట్టరాదు. డబ్బును రెండు చోట్ల ఉంచవలెను. చిల్లర ఖర్చు పైజేబులోను, మిగిలినది లోపలను ఉన్నచో, గాజులు కొనునప్పుడు నోట్లకట్టను విప్పి నలుగురికిని చూపు పని తప్పును. బేరగాండ్రు వెంటబడినచో మన దక్కనీ మాట ‘నక్కో’ ఒక్కటి చాలును. వలదని దాని యర్థము. దానిని నవ్వుచు ఒక్కసారి చెప్పి నడక నాపక పోవలెను. మేము మా యతిథులకు మొట్టమొదట నేర్పు మాట యదియే. దానిని విన్న బేరగాడు సగము మంది యెదుట తానే నవ్వి తప్పుకొనును.

దారి తప్పినప్పుడు నడివీథిలో నిలిచి ఫోనులోని పటమును చూచుట పెద్ద పొరపాటు. చేతిలో ఖరీదైన వస్తువు, ముఖమున తత్తరపాటు, కన్నులు క్రిందికి. దొంగకు కావలసిన మూడును ఒక్కచోట చేరును. దుకాణము మెట్టెక్కి, గోడకు వీపు పెట్టి చూచుకొనవలెను. బండిపై వచ్చి గొలుసులు తెంపువారు తఱచు వెనుకనుండియే వత్తురు. కావున పేవుమెంటు లేని దారిలో ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కన నడచుచు, సంచిని గోడవైపు భుజమునకు తగిలించుకొనవలెను. అమెరికాలో బండ్లు కుడివైపున నడచును గనుక అచ్చట ఎడమప్రక్కన నడచువానికి అవి యెదురగును. ఈ చిన్న లెక్కను మఱచి రోడ్డు దాటబోయి ప్రాణముమీదికి తెచ్చుకొనినవారు దొంగల వాతబడినవారికంటె ఎక్కువ మందియే యుందురని మా యనుమానము.

చికాగో సంగతి వేఱు. అచ్చటి దొంగ చేతివాటము నెఱిగినవాడు కానక్కఱలేదు, అతనియొద్ద తుపాకి యుండవచ్చును. 2023 జనవరిలో ఆ నగరమున, చదువునకై క్రొత్తగా చేరిన తెలుగు విద్యార్థులు ముగ్గురిని వాహనములు నిలుపు స్థలమున దోపిడిగాండ్రు అడ్డగించిరి. ఒకడు తుపాకిగుండు తగిలి మరణించెను, ఒకడు గాయపడెను. 2024 ఫిబ్రవరిలో మన హైదరాబాదు విద్యార్థి యొకడు రాత్రివేళ భోజనపు పొట్లముతో బసకు పోవుచుండగా దుండగులు వెంటాడి కొట్టి ఫోను లాగుకొనిరి. నెత్తురోడు ముఖముతో అతడు సహాయము కోరుచున్న దృశ్యము ఈ నగరమున ఇంటింట చూడబడెను. పత్తర్‌గట్టీ దుకాణమందలి తండ్రియు దానిని చూచెను. చూచిన నాటినుండి ఆయనకు నిద్ర లేదు. తన కుమారునికి అట్టిదే అంతకుముందే జరిగియుండెనని ఆయన యెఱుగడు.

తుపాకి యెదుట విద్యార్థి చేయవలసినది ఒక్కటే. అడిగినదానిని ఇచ్చివేయుట. ప్రతిఘటింపరాదు, పరుగెత్తరాదు, ముఖమును తేఱిపాఱ చూడరాదు. చేతులు కనబడునట్లుంచి, “జేబులో నున్నది, తీయుచున్నాను” అని చెప్పి మెల్లగా తీయవలెను. హఠాత్తుగా జేబులో చేయి పెట్టినచో దొంగ తుపాకియేమోయని భ్రమించును. లాప్‌టాపు లక్ష రూపాయలదని, అందులో పరిశోధన వ్యాసమున్నదని సంచిని విడువని విద్యార్థులున్నారని వినుచున్నాము. వ్యాసమునకు నకలు వేఱుచోట నుంచుకొన్నవాడు సంచిని సులువుగా విడువగలడు. పాస్‌పోర్టును బసలో తాళము వైచి, దాని ఛాయాచిత్రమును మాత్రమే దగ్గఱ నుంచుకొనవలెను. చెవులు రెండింటను పాటలు పెట్టుకొని నడచుట మానవలెను. వెనుక అడుగుల చప్పుడు వినుటకు ఒక చెవి కావలెను.

ఒంటరిగా రాత్రివేళ నడువకుడని చెప్పుట సులభము. మేమును మొదట ఆ తండ్రితో అట్లే యంటిమి. పిమ్మట బాలునితోనే ఫోనులో మాటలాడితిమి. అతనికి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున రాత్రి పదకొండు గంటలవఱకు పని. అద్దె తక్కువయని బసను రెండు మైళ్ల దూరమున తీసికొనెను. ఆ వేళకు బస్సు గంటకొకటి. చలికాలమున గంటసేపు నిలుచుటకంటె నడచుట నయమని నడచెను. ఒంటరిగా నడచువాడు సాహసముచేత నడచుట అరుదు. డబ్బు లేకయో బండి లేకయో నడచును. అతనికి “నడువకుము” అనుట ఆకలిగొన్నవానికి “ఆకలిగొనకుము” అనుటవంటిది.

కాని అతడు ఎఱుగని సంగతి యొకటి యుండెను. అమెరికాలోని పెక్కు విశ్వవిద్యాలయములు రాత్రివేళ విద్యార్థులను బసలకు చేర్చుటకు ఉచిత వాహనములను నడుపుచున్నవి. కొన్నిచోట్ల పిలిచినచో తోడు నడచుటకు మనిషిని పంపుదురు. ఆవరణములలో నీలిదీపము గల స్తంభములుండును, మీట నొక్కినచో పోలీసులు పలుకుదురు. అతని విశ్వవిద్యాలయమునను అట్టి వాహనముండెను. దోపిడి జరిగిన రెండవ వారమున సహపాఠి యొకడు చెప్పువఱకు అతనికి తెలియలేదు. ఎందుకు తెలిసికొనలేదని మేమడిగితిమి. “అడిగితే ఏమనుకుంటారో అనుకున్నాను సార్” అనెను.

తండ్రి ప్రశ్నకు జవాబు ఇందు దొరకినది. బాలుడు ఒక్కడే యెందుకు నడచెను? పలుకరించుటకు బిడియపడెను గనుక. తానుగా పోయి అడుగుట నామోషీ యనుకొనువాడు తానుగా వచ్చినవాని చేతిలో పడును. ఈ బిడియమును వానికి నేర్పినది మన పాఠశాలలే కావచ్చును. ప్రశ్న వేసిన పిల్లవానిని “కూర్చో” అనిన పంతుళ్లలో మేమును ఉన్నాము.

దోపిడి జరిగినపిమ్మట చేయవలసినదానిని కొంచెము చెప్పెదము. మన దేశమున 2024 జులై 1నుండి పాత శిక్షాస్మృతికి మాఱుగా భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. చటుక్కున లాగుకొని పోవుటను 304వ సెక్షను ప్రత్యేక నేరముగా పేర్కొని మూడేండ్లవఱకు శిక్ష విధించుచున్నది. భయపెట్టియో గాయపఱచియో దోచుట 309వ సెక్షను క్రింద పదేండ్లవఱకు శిక్షకు పాత్రము. అదియే ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తెల్లవాఱులోపల రాజమార్గమున జరిగినచో పదునాలుగేండ్లవఱకు పోవును. చీకటిలో దారి నడచువానిపై శాసనకర్తలకు గల జాలి దీనియందు కనబడుచున్నది. ఐదుగురో అంతకంటె ఎక్కువమందియో కలసి చేసినచో అది బందిపోటు.

ఫిర్యాదును ఏ ఠాణాలోనైనను ఇయ్యవచ్చును. “ఇది మా హద్దు కాదు” అని త్రిప్పి పంపరాదు. దీనిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. దాని నకలును ఉచితముగా ఇయ్యవలెను. పాస్‌పోర్టు పోయిన విదేశీయునికి ఈ కాగితమే మొదటి మెట్టు. దానితో అతడు తన దేశపు రాయబార కార్యాలయమునకు పోయి తాత్కాలిక ప్రయాణపత్రము పొందవలెను. ఆ తరువాత దేశము విడుచుటకు విదేశీయుల నమోదు కార్యాలయపు అనుమతి కావలెను. అమెరికావారి కాన్సులేటు మన నగరమున 2008నుండి యున్నది, 2023నుండి నానక్‌రామ్‌గూడలో నున్నది. మనవారు చికాగోలో పాస్‌పోర్టు పోగొట్టుకొన్నచో అచ్చటి భారత కాన్సులేటునకు పోవలెను. మన విదేశాంగశాఖ 2015లో స్థాపించిన ‘మదద్’ అను ఏర్పాటుద్వారా కష్టములను తెలుపుకొనవచ్చును.

ఫోనుపై స్టారు, హ్యాషు, సున్న, ఆఱు, హ్యాషు నొక్కినచో 15 అంకెల సంఖ్య యొకటి కనబడును. అది ఆ యంత్రమునకు పుట్టుమచ్చవంటిది. దానిని కాగితముపై వ్రాసి ఇంటిలో నుంచుకొనవలెను. ఫోను పోయినచో మన దేశమున ‘సంచార్ సాథీ’ అను కేంద్రప్రభుత్వపు ఏర్పాటునందు ఆ సంఖ్య నిచ్చి యంత్రమును పనిచేయకుండ జేయవచ్చును. ఇట్లు తెలంగాణ పోలీసులు వేలకొలది ఫోనులను వెదకి సొంతదారుల కిచ్చినారు. అత్యవసరమున మన దేశమందు 112, అమెరికాలో 911, ఇంగ్లండునందు 999 సంఖ్యలకు పిలువవలెను.

ఈ సంఖ్యలను చెప్పునప్పుడు మాకొక సందేహము పుట్టెను. దోపిడిలో మొట్టమొదట పోవునది ఫోనే. అది పోయినపిమ్మట దయగల బాటసారి తన ఫోను నిచ్చినను, ఎవరి సంఖ్యను నొక్కుట? చికాగోలోని బాలునికి ఆ రాత్రి ఎదురైన చిక్కు ఇదియే. చిల్లర దుకాణపు స్త్రీ యొకతె తన ఫోనును చేతికిచ్చెను. అతనికి ఒక్క సంఖ్యయు జ్ఞాపకము రాలేదు. నడిరాత్రి తండ్రికి చెప్పుట ఇష్టము లేక కాదు, తండ్రి సంఖ్య తెలియకయే మొదటి గంట గడచినది. తరువాత చెప్పుటకు సిగ్గు పుట్టినది.

మఱునాడు పదవ తరగతిలో అందఱిని లేవమని, తల్లి ఫోను సంఖ్యను చూడక చెప్పగలవారు కూర్చుండుడని చెప్పితిమి. ఐదారుగురు కూర్చుండిరి. మిగిలినవారు నిలిచియే యొకరి ముఖ మొకరు చూచుకొని నవ్విరి. మా సంగతియు అంతే. మా భార్య సంఖ్యలో చివరి నాలుగంకెలు మాకును తడబడెను. ఆ వారమంతయు హాజరు పలుకునప్పుడు “హాజర్ సార్” అనుటకు మాఱుగా తల్లి సంఖ్యను చెప్పవలెనని నియమము పెట్టితిమి. శుక్రవారమునకు అందఱును చెప్పిరి. వెనుక బల్లమీది కుఱ్ఱవాడొకడు మాత్రము అఱచేతిలో వ్రాసికొని చదువుచు పట్టుబడెను.